పళ్ల డాక్టరు బిగించిన చెక్క మడమ

మా అక్క బొహ్దాన వ్సెతీన్ అనే ఊళ్లో పళ్ల డాక్టరు. ఆదివారం వస్తే మాత్రం తుపాకీ పట్టుకుని గురి మైదానానికి పరుగెడుతుంది. ఆ ఏడాది మా క్లబ్బు 'పాత సిపాయిలు' అని పేరు పెట్టి ఒక పోటీ జరిపింది. భుజానికి ఆనించే మడమ, గొట్టం కింద పట్టుకునే ముందుపిడి చెక్కవై ఉన్న తుపాకులకే అందులో ప్రవేశం. అక్కది సైన్యం నమూనాలో కొత్తగా చేసిన తుపాకీ, అంతా నల్ల ప్లాస్టిక్కు.

"ఆ ప్లాస్టిక్కు దువ్వెన పట్టుకుని రాకండి డాక్టరమ్మా!" అన్నాడు వెండెలీన్. క్లబ్బు పోటీల్లో ఏటా గెలిచేది ఆయనే.

అక్క ముఖం కందగడ్డయింది.

పోటీకి ముందురోజు పొద్దున్నే మిగులు సైనిక సామాను సంతకు పోయాం. ఒక బండి మీద గిడ్డంగిలో పాతికేళ్లు మగ్గిన చెక్క మడమల పెట్టె. తన తుపాకీకీ చెక్క వెతుక్కుంటూ అప్పటికే అందులో మోచేతుల దాకా చేతులు పెట్టి ఉన్నాడు వెండెలీన్! ఆయనకు ముదురు రంగు జత దొరికింది. అక్కకు ఎర్రటి మడమ, పాలిపోయిన ముందుపిడి మిగిలాయి.

"జత కలవలేదక్కా."

"నోటికి సరిపోతే చాల్రా, రంగుదేముంది!"

ఇంటికొచ్చి ప్లాస్టిక్కు భాగాలు విప్పేశాక ముందుపిడి సులువుగానే కూర్చుంది. మడమే మొండికేసింది. చెక్క ఉబ్బి ఇనుప గాడిలోకి దిగనంది. నేను సుత్తి తీశాను.

"పగలగొడతావా ఏంటి? అది పక్కన పెట్టు!"

పళ్లు ఎక్కడ ఎత్తుగా తగులుతున్నాయో చూసేందుకు రోగుల చేత కొరికించే నీలిరంగు కాగితం తెచ్చింది. దాన్ని గాడిలో పరిచి మడమ నొక్కి తీసింది. చెక్క మీద అక్కడక్కడ నీలి మచ్చలు పడ్డాయి. ఆ మచ్చల వరకే సన్నగా గీకింది. మళ్లీ నొక్కింది, మళ్లీ గీకింది. చివరకు మడమ మెత్తగా జారి లోపలికి దిగింది. స్క్రూ బిగించి ఊపితే ఇసుమంతైనా కదలిక లేదు. ఇద్దరం కేకలు పెట్టి గంతులేశాం. పక్కింటావిడ తలుపు కొట్టింది.

మర్నాడు మైదానంలో అందరూ నవ్వారు. "మచ్చల ఆవును తోలుకొచ్చారా?" అన్నాడు వెండెలీన్. మొదటి వరస కాల్పులు అయ్యేసరికి ఆ నవ్వులు ఆగాయి. అక్క గుళ్లన్నీ నడిమి వలయంలోనే ఉన్నాయి! వెండెలీన్‌వి చెల్లాచెదురు. ఆయన మడమ గాడిలో వదులుగా ఆడుతోంది.

విరామంలో అక్క ఆయన దగ్గరికి వెళ్లింది. "గుళ్లు తీసేసి ఇలా ఇవ్వండి. మీ బెల్టు కొస కూడా."

"బెల్టెందుకమ్మా?"

"ఇవ్వండి, ప్యాంటు జారదులెండి."

నేను అక్క చెయ్యి పట్టుకుని లాగాను. "పిచ్చా నీకు? నిన్నే ఓడిస్తాడు!"

"ఊగే పన్ను కనబడితే ఊరుకోలేనురా," అంటూ తోలు ముక్క పలచగా కోసి, గాడిలో సర్ది బిగించేసింది.

గెలుపు లెక్కకు వచ్చేది రెండో వరస ఒక్కటే. అందులో ఇద్దరూ గుండుకు గుండు అన్నట్టు కాల్చారు. వెంట్రుకవాసిలో వెండెలీనే గెలిచాడు. నాకు ఏడుపొచ్చింది. అక్క మాత్రం రెండో స్థానం వచ్చిందని తెలిసి నా మెడ పట్టుకుని ఊపేసింది. ఆమెకు బహుమతి రావడం అదే మొదలు.

వెండెలీన్ బేరిపండు రొట్టె తెచ్చి ఆమె ముందు పెట్టాడు. "డాక్టరమ్మా, నా ముందుపిడి కూడా కాస్త చూస్తారా?"

"వరసలో రండి," అంది అక్క నోటినిండా రొట్టెతో. నిజంగానే ఆయన వెనక నలుగురు తుపాకులు ఖాళీ చేసి నిలబడి ఉన్నారు.