అన్నం తొట్టి ఎవరి పక్కన

బస నడిపే కనే బామ్మ చెక్క అన్నం తొట్టితో గదిలోకి వచ్చింది. గుమ్మానికి దగ్గరగా కూర్చున్నది యసునోరి. అతని పక్కన బోలెడంత చోటు ఖాళీగా ఉంది. బామ్మ అతన్ని దాటింది, అతని తల్లి తొమి వెనకనుంచి ఒంగుతూ నడిచి, కిటికీ పక్కన వాగు కనపడేలా కూర్చున్న అతని భార్య ఫుమియే దాకా వెళ్ళి, ఆమె మోకాలి పక్కన తొట్టి దించింది.

"మీ చేతికి అందేట్టు పెట్టానమ్మా" అని నవ్వి, చెక్క హస్తాన్ని కూడా ఆమె వైపే తిప్పి పెట్టి వెళ్ళిపోయింది.

ఇందులో బామ్మ తప్పేమీ లేదు. ఆ కొండల్లో ఏ బసలో దిగినా ఇదే మర్యాద. గదిలో ఆడమనిషి ఉంటే తొట్టి ఆమె పక్కన, ఇద్దరుంటే కోడలి పక్కన. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అయినా ఫుమియేకి ఉసూరుమనిపించింది. బస్సు మలుపులు తిరుగుతున్నంతసేపూ ఆమె తలుచుకుంటూ వచ్చింది ఒక్కటే. ఇవాళ ఎవరో వండుతారు, ఎవరో పెడతారు, నేను కదలకుండా కూర్చుని వేడివేడిగా తింటాను. రాకరాక వచ్చిన ప్రయాణంలో ఆమె కోరుకున్నదల్లా ఇంతే. అదీ దక్కలేదు.

యసునోరి చెయ్యి చాపాడు. చేతిలో ఖాళీ గిన్నె. మాట లేదు, చూపు లేదు. పెళ్ళయిన మొదటిరోజు నుంచీ అంతే. ఇంట్లో అయితే కళ్ళు టీవీ మీద ఉంటాయి, చెయ్యి మాత్రం ఇటు వస్తుంది. ఒకసారి ఏం చేస్తాడో చూద్దామని ఆమె గిన్నె అందుకోలేదు. అతను టీవీ చూస్తూనే గిన్నెని గాల్లో ఊపాడు, కుక్కని పిలిచినట్టు. ఆ రోజు రాని కోపం ఇప్పుడెందుకు వస్తోందో ఆమెకే తెలియలేదు. బడి వంటశాలలో తెడ్డంత గరిటెతో ఆమె కలిపే కూర వందలమంది పిల్లలు తింటారు. అక్కడా వడ్డిస్తుంది. కానీ అక్కడ పిల్లలు మొహంలోకి చూసి "ఫుమియే గారూ, ఇంకొంచెం!" అంటారు. ఏప్రిల్ నుంచి ఆ వంటశాల పెద్దరికం మీదేనని బడి అధికారి ఇబారా గారు చెప్పిన రోజు ఆమె ఇంటికి దాదాపు పరిగెత్తుకుంటూ వచ్చింది. "అంత బరువు నీకెందుకు?" అన్నాడు యసునోరి, గోళ్ళు తీసుకుంటూ.

అత్తగారికి పెట్టింది, ఆయనకి పెట్టింది, చారు మూతలు తీసింది, ఆయన గ్లాసులోకి బియ్యపు సారా, సాకే ఒంపింది. ఉప్పు రాసి కాల్చిన వాగు చేప ఆమె వంతుది చల్లారిపోయింది. చేదు మొగ్గల బజ్జీలు మెత్తబడ్డాయి.

రెండో గ్లాసు సాకే పడ్డాక యసునోరి గొంతు సవరించుకున్నాడు. ఈ నెలాఖరుకి అతను నీళ్ళ శాఖలో రిటైరవుతున్నాడు.

"ఏమోయ్, వచ్చే నెల నుంచి మనం ఈ కొండల్లోకి, అమ్మ ఇంటికి వచ్చేస్తున్నాం. అమ్మకి మోకాళ్ళు మొరాయిస్తున్నాయి. ఒక్కతే ఎన్నాళ్ళుంటుంది?"

"అలా అనుకుంటున్నారా?"

"అనుకోవడమేమిటి, ఇబారా గారికి ఫోన్ చేసి చెప్పేశాను, నువ్వింక రావని. నీకు మొహమాటం కదా, నేనే చెప్పాను. నీకో పని తప్పింది." అని గిన్నె చాపాడు.

తొమి చేపముల్లు ఏరుకుంటూ "అమ్మాయి మనసు మంచిది, కాదనదులే" అంది.

ఫుమియే గిన్నె నింపింది. నింపి, రెండు చేతులతో ఇచ్చింది. తన ఉద్యోగం తనకి తెలియకుండా ఊడపీకి వచ్చిన మనిషికి అన్నం పెట్టేశాక చూసుకుంది తన చేతుల్ని. అవి ఆమెని అడగలేదు. యసునోరి అడగనట్టే, చేతులూ అడగలేదు. అది తలుచుకుంటే భర్త మీదకన్నా ఆ చేతుల మీదే ఎక్కువ ఒళ్ళు మండింది.

భోజనాలయ్యాక అత్తాకోడళ్ళు వేడినీళ్ళ గదికి వెళ్ళారు. ఫుమియే పొట్టి పీట మీద అత్తగారిని కూర్చోబెట్టి వీపు రుద్దింది. తొమి వీపు ఎముకల గూడు.

"గట్టిగా రుద్దవే, పర్లేదు. మా అత్తగారి వీపు నేనిలాగే రుద్దేదాన్ని. తిట్టేది. తిడుతూనే ఇంకా రుద్దమనేది."

"మీకు కోపం రాలేదా అత్తయ్యా?"

"కోపం తెచ్చుకోవడానికి తీరికేదీ? ఇంటిల్లిపాదీ మునిగిన నీళ్ళలో ఆఖర్న మునిగేదాన్ని. చల్లబడి, జిడ్డు తేలి ఉండేవి. అన్నమూ అంతే, అడుగుమాడే నాకు. ఓర్చుకున్నాను. నువ్వూ ఓర్చుకున్నావు. మనమంతే." ఆమె గొంతులో బాధ లేదు, గర్వముంది.

స్నానాల తొట్టిలోకి ఇద్దరూ దిగారు. కొండలోంచి వచ్చే వేడినీళ్ళు ఒకవైపు పడుతూ, ఇంకోవైపు పొర్లిపోతున్నాయి. ఎవరు ముందు దిగినా ఎవరు వెనక దిగినా ఈ నీళ్ళు శుభ్రంగానే ఉంటాయి. మెడదాకా మునిగి ఫుమియే ఆలోచించింది. ఈవిడ నాకు ఇస్తున్నది ఇల్లు కాదు, ఆస్తి కాదు. తన అత్తగారి దగ్గర పుచ్చుకున్న ఆ అడుగుమాడునే భద్రంగా దాచి నా చేతిలో పెడుతోంది. పుచ్చుకుంటే రేపు నేనూ ఇంత గర్వంగానే చెప్పుకుంటాను. ఆ మాట అనుకోగానే ఆమె నీళ్ళలోంచి లేచి నిలబడింది.

తెల్లవారాక వరండాలోకి వెళ్ళి ఇబారా గారికి ఫోన్ చేసింది.

"మీ ఆయన చెప్పారమ్మా. కానీ మీ నోటితో వినేదాకా పేరు కొట్టెయ్యకూడదని ఊరుకున్నాను."

"కొట్టెయ్యకండి. ఏప్రిల్లో మొదటిరోజు కూర ఏమిటో కూడా ఆలోచించి పెట్టుకున్నాను."

"బతికించారు" అని నవ్వాడాయన.

ఆమె గదిలోకి వచ్చేసరికి పొట్టి బల్ల మీద మీసో చారు, ముల్లంగి ఊరగాయ, అన్నంలో కలుపుకోవడానికి పచ్చి గుడ్లు సర్ది ఉన్నాయి. కనే బామ్మ మళ్ళీ యసునోరిని దాటుకుని, తొమి వెనకగా వచ్చి, తొట్టిని కిటికీ దగ్గర దించబోయింది. "బామ్మా, ఇలా ఇవ్వండి" అని ఫుమియే దాన్ని రెండు చేతులా అందుకుంది. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి యసునోరి మోకాలి పక్కన పెట్టింది. హస్తాన్ని అతని వైపు తిప్పింది. తిరిగొచ్చి కిటికీ పక్కన కూర్చుంది.

కనే బామ్మ తొట్టిని చూసింది, యసునోరిని చూసింది. "టీ తెస్తా" అని బయటికి జారుకుంది.

"ఏమిటిది? చెయ్యి నొప్పా?" అన్నాడు యసునోరి.

"చెయ్యి బాగానే ఉంది. ఇబారా గారితో మాట్లాడాను. నేను పని మానడం లేదు."

"మరి అమ్మ?"

"మీ అమ్మగారే కదా. రిటైరవుతున్నది మీరు, నేను కాదు. మీరు వచ్చి ఉండండి. నేను ఆదివారాలు వస్తాను, చుట్టంలా వచ్చి వెళ్తాను."

"ఛ, నలుగురూ ఏమనుకుంటారు? అయినా నాకు అన్నం వండటం కూడా రాదే!"

"ఊరందరికీ నీళ్ళు సరిపెట్టారు ఇన్నేళ్ళూ. బియ్యంలోకి నీళ్ళెన్ని పొయ్యాలో తెలుసుకోలేరా?"

తొమి బల్ల పట్టుకుని లేవబోయింది. "మగాడి చేత వడ్డన చేయిస్తావుటే? ఉండరా, నేను పెడతాను." మోకాళ్ళు లేవనివ్వలేదు.

"కూర్చోండి అత్తయ్యా. మీరు పెట్టిందీ చాలు, నేను పెట్టిందీ చాలు."

యసునోరి మొహం ఎర్రబడింది. తల్లి వైపు చూశాడు, తలుపు వైపు చూశాడు. ఎవరూ రాలేదు. చారు మీద ఆవిరి తగ్గిపోతోంది.  తొమి విసురుగా తన గిన్నె ఎత్తి కొడుకు ముందు పెట్టింది.

"ఆకలేస్తోందిరా. పెట్టు."

అతను హస్తం అందుకున్నాడు. అన్నాన్ని గిన్నెలో కుక్కి, పైన అదిమాడు.

"ఒరే, అన్నంరా అది, మట్టి కాదు. తేలిగ్గా వెయ్యి" అని కసిరింది తొమి. కసురుతూనే ఆవిరి పోకముందే ఓ ముద్ద నోట్లో పెట్టుకుంది. వెంటనే ఇంకో ముద్ద పెట్టుకుంది.

ఫుమియే గిన్నె కూడా నిండింది. వంకరగా, కుప్పగా, వేడిగా. ఆమె గుడ్డు కొట్టి కలుపుకుని, ఊరగాయ కొరుక్కుంటూ, చివరి మెతుకు దాకా తీరిగ్గా తింది. బయట మంచు కరిగి వాగు హోరెత్తుతోంది. వాగు మీంచి కళ్ళు తిప్పకుండా, ఒక్క మాటైనా అనకుండా, ఆమె ఖాళీ గిన్నె పట్టుకుని భర్త వైపు చెయ్యి చాపింది.