పడమటి గోడ

మా కొండవాళ్ళకొక కట్టుబాటు ఉంది. బయటివాళ్ళకు మూడు సంగతులు నిజం చెప్పకూడదు: ఊట ఎక్కడుందో, దారి ఎటు పోతుందో, వాన ఎటునుంచి కొడుతుందో. ఇది ఊరికే పెట్టుకున్నది కాదు. నా చిన్నప్పుడు బూట్లాయన ఒకడు వచ్చి మర్యాదగా అడిగితే, మా నాన్న చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి మరీ ఊట చూపించాడు. మరుసటేడు దాని చుట్టూ కంచె పడింది. మా కడవలు కంచెకు ఇవతల ఉండిపోయాయి. నమ్మి చెడినవాడు లేడంటారు. ఆ మాటన్నవాడు మా కొండ ఎక్కి ఉండడు.

అందుకే టేపమ్మ వచ్చినప్పుడు ఎవరమూ ఉబ్బిపోలేదు. మెడలో కొలతల టేపు వేసుకుని తిరిగేది కాబట్టి ఆమెకు ఆ పేరు పెట్టాం. మట్టి, రాయి, పాత కలపతో మా బతుకుకు సరిపడే చిన్న ఇళ్ళు గీస్తుందట. అంతకుముందు ఎవరో కట్టించి ఇచ్చిన సిమెంటు గదులు కొండ దిగువన ఉన్నాయి. ఎండకు కుంపటి, చలికి మంచుగడ్డ. మేకల్ని కట్టేస్తే అవీ తాళ్ళు తెంపుకున్నాయి. వాటిని చూసి టేపమ్మ, ఉండేవాళ్ళను ఒక్క మాటైనా అడక్కుండా కట్టారని బాధపడి, తాను మాత్రం మమ్మల్ని అడక్కుండా ఒక్క రాయీ పెట్టనని మాటిచ్చింది. నాకు మాత్రం ఆ తియ్యటి మాటలు గిట్టలేదు. తడిగుడ్డతో గొంతు కోసే రకమేమో అనుకున్నాను.

మొదటి ఇల్లు మా అక్కకు. అక్కకు ఆయాసం, చెమ్మ తగిలితే ఊపిరాడదు. దూలం, వాసాలు కొత్తింటికి పనికొస్తాయని ఆమె పాత ఇల్లు విప్పేశాం. ఇక వానల్లోపు కొత్తది లేవకపోతే అక్కకు తలదాచుకునే చోటు లేదు. గోడలు పెట్టే పని నాది. ఈ కొండమీద సగం మట్టిగోడలు నా చేతివే.

గీత గీసే ముందు టేపమ్మ ఇంటింటికీ వెళ్ళి వాన ఎటునుంచి కొడుతుందని అడిగింది. ఏడుగురిని అడిగితే ఏడుగురమూ తూర్పన్నాం, అక్కతో సహా. నిజానికి మాకు వాన పడమటి లోయలోంచి వస్తుంది, వచ్చిందంటే గోడను గుద్దినట్టే కొడుతుంది. టేపమ్మ మా పాత ఇళ్ళ వెనక్కి వెళ్ళి, పడమటి గోడలకే నాచు ఎందుకు పట్టిందని నన్ను అడిగింది. నీడపట్టు కదమ్మా అన్నాను. ఇంకో రోజు మళ్ళీ అడిగింది. మూడోసారి అడిగితే, నా మాటమీద నమ్మకం లేకపోతే గోడ ఇంకెవరిచేతనైనా పెట్టించుకోమని విసుక్కున్నాను. ఆమె కాగితంమీద తూర్పని రాసుకుంది.

నా లెక్క నాకుంది. ఇలా వచ్చినవాళ్ళు పునాది దగ్గరే ఫొటోలు తీసుకుని మాయమవుతారు. ఈమె కూడా పోతే ఆ పునాదిమీద నాకు తెలిసినట్టు కట్టుకుందామనుకున్నాను. కానీ ఆ మహాతల్లి పోలేదు! మోకాళ్ళదాకా మట్టిలో దిగి నాతోపాటు తొక్కింది. తూర్పున మూరెడు మందం గోడ, బారెడు చూరు. పడమట నడుమెత్తు గోడ, దానిపైన పొయ్యి పొగ పోవడానికి వెదురు తడిక. వరసమీద వరస లేస్తుంటే నా గుండెలో రాయి పడింది. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని గోడ పెట్టాను. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే, ఇంకా ఈమె ఎందుకు పోవడం లేదు, దీని వెనక ఏముందని ఆరాలు తీశాను.

దూలం ఎత్తే రోజు అక్క వచ్చి పడమటి తడిక దగ్గర చాప పరిచి చూసుకుంది. పొయ్యి ఇక్కడ, పడక ఇక్కడ అని మురిసిపోయింది. ఇక ఉండబట్టలేక టేపమ్మకు ఉన్నది ఉన్నట్టు చెప్పేశాను.

ఆమె చేతిమట్టి చీరకు తుడుచుకుంది.

"నాచు నేను చూశాను మేస్త్రిగారూ. మూడుసార్లు అడిగాను కూడా. మిమ్మల్ని అడక్కుండా ఒక్క రాయీ పెట్టనని మాటిచ్చాను కదా. అందుకే నా కళ్ళను పక్కనపెట్టి మీ మాట తీసుకున్నాను."

అక్కవైపు తిరిగాను. నీకూ తెలుసు కదా, నీ ఇల్లే కదా, నువ్వెందుకు నోరు విప్పలేదని కసిరాను. తప్పు నాదైనా కోపం ఆమెమీద చూపించాను.

"గోడ నువ్వు పెడుతున్నావు కదరా," అంది అక్క. "నా తమ్ముడు నన్ను తడవనిస్తాడా అనుకున్నా."

ఆ మాటకు నేను కూలబడి ఏడ్చాను. సిగ్గేమీ పడలేదు.

ఆ సాయంత్రమే తడిక పీకేశాం. అక్క తప్ప అబద్ధం చెప్పినవాళ్ళమంతా మట్టి తొక్కాం. కానీ మట్టిగోడకు తొందరపెడితే వినదు. ఒక వరస ఆరితేగాని ఇంకో వరస నిలవదు. తొమ్మిదోనాడు పడమటి లోయలోంచి వాన లేచింది. పచ్చిగోడ నా కళ్ళముందే జారి గడపలోకి పారింది. ఆ వానాకాలమంతా అక్క మా ఇంట్లో మూలన దిండుకు ఆనుకుని కూర్చునే నిద్రపోయింది. ఆమె దగ్గినప్పుడల్లా నాకు మెలకువ వచ్చేది.

వానలు వెలిశాక టేపమ్మ మళ్ళీ వచ్చింది. వస్తుందని నేననుకోలేదు. అక్క ఇంటి గోడను ఆరబెట్టుకుంటూ కట్టించింది, చూరు పొడిగించింది. తర్వాత రెండో ఇంటికి చోటు చూడడానికి పైకి వెళ్ళాం. ఆమె అడక్కముందే చెప్పాను, ఇక్కడ వాన పడమరా ఉత్తరం మూలనుంచి కొడుతుందమ్మా అని. ఒట్టు, నిజమే చెప్పాను.

సరే మేస్త్రిగారూ అని ఆమె తలూపింది. కాగితం మాత్రం తీయలేదు. పక్కనున్న పాత ఇంటి వెనక్కి ఒంటరిగా వెళ్ళి, వంగి, గోడమీది నాచు తడిమి చూసుకుంది.