శంబెత్ ఛాతీలో పచ్చదండు

రోజూ పొద్దున్నే పొయ్యిలో పిడకలు వేసి, టీకి నీళ్ళు పెట్టి, ముసలావిడ బురుల్ తన మొగుడు శంబెత్ ఛాతీకి చెవి ఆనించేది. గోడవతల నుంచి పక్కింటావిడ అడిగేది: "ఏమంటున్నారే మీవాళ్ళు?"

"కొట్టుకు చస్తున్నారు. ఇంకేమంటారు!"

బొగ్గుగనిలో పనిచేసి దగ్గు పట్టిన ముసలివాళ్ళందరి ఊపిరితిత్తుల్లోనూ ఆ లోయలో ఏవో బుల్లి మనుషుల తెగలు కాపురం ఉండేవి. శంబెత్ ఛాతీలో చాలా తెగలే ఉండేవి. గుడారాలు కలిపి వేసుకుని, అప్పుడప్పుడూ పోట్లాడుకుంటూ సర్దుకుపోయేవి. పోయిన చలికాలం పచ్చ అంగీలవాళ్ళు వచ్చిపడ్డారు. మందులు వేస్తే మెతకవాళ్ళు చచ్చారు. పచ్చవాళ్ళు మాత్రం జిగురుతో కోట కట్టుకుని లోపల కూర్చున్నారు. అప్పటి నుంచి శంబెత్ దగ్గితే పళ్ళెంలో నెత్తుటితో పాటు ఆవగింజంత గుర్రపునాడాలు, విరిగిన కొరడాలు, ఒక్కోసారి తెగిన చెవి పడేవి.

"ఇవాళ ఎవరు పోయారు?" అన్నాడు శంబెత్.

"పచ్చవాళ్ళు తెల్లటోపీలవాళ్ళ ఆఖరి గుడారం తగలబెట్టారు."

"నేను కుర్రాడిగా గనిలో దిగినప్పటి నుంచీ ఉన్నవాళ్ళు," అని టీ తాగాడు.

ఆ రోజు మనవణ్ణి ఉయ్యాల్లో వేసే పండగ. కొడుకు కుబాత్ గొర్రెను కోశాడు. చుట్టాలతో గది నిండిపోయింది. విందయ్యాక శంబెత్ తమ్ముడు గడ్డం తుడుచుకుంటూ లేచాడు.

"మేక కళేబరం కోసం గుర్రాల మీద కుమ్ములాడే ఆటలో మా అన్న మెడ ఎముక విరిగినా పట్టు వదల్లేదు. ఆ పౌరుషం మనవడికి రావాలిగా? అన్నా, వాడి నోట్లో ఉమ్ము!"

అది అక్కడి ఆనవాయితీ. పెద్దవాడి ఉమ్ముతో పెద్దవాడి గుణం వస్తుందంటారు. కోడలు సైకాల్ బిడ్డను గట్టిగా హత్తుకుంది.

"వద్దు. ఆ ఉమ్ములో వాళ్ళున్నారు."

"నలుగురిలో నా పరువు తియ్యకు," అన్నాడు కుబాత్ పళ్ళ బిగువున.

"పరువు నీది. ఊపిరి వాడిది."

"చూశావా వదినా, నీ కోడలికి నాలుక మూరెడు!" అన్నాడు తమ్ముడు. చుట్టాలు నవ్వారు. బురుల్ నవ్వలేదు. కుబాత్ బిడ్డను లాక్కుని తండ్రి ఒళ్ళో పెట్టాడు.

శంబెత్ బిడ్డ మీదికి వంగాడు. ఛాతీలో చప్పుడు ఒక్కసారిగా ఆగింది. గదిలో అందరూ విన్నారు. ఆ తర్వాత కోట తలుపులు తెరుచుకున్నాయి. గుడారాలు పీకిన చప్పుడు, జీనులు బిగించిన చప్పుడు. బిడ్డ లేత ఛాతీలో ఇంకా ఎవరూ మేపని కొత్త బీడు కనిపించిన గుర్రాల దండు శంబెత్ గొంతు దాకా ఎక్కి వచ్చింది.

"శంబెత్!" అని అరిచింది సైకాల్.

ఆ లోయలో ఏ కోడలూ మామ పేరు పైకి అనదు. కుబాత్ నడుములోంచి తీసిన కొరడా ఆమె ముఖం మీద పడింది. చెంప చీలింది. రెండో దెబ్బకు కన్ను మూసుకుపోయింది. ఆమె బిడ్డ కాలు పట్టుకుని వదల్లేదు.

"శంబెత్! నోరు ముయ్యి!"

ముసలివాడు తలెత్తి ఆమెను చూశాడు. ఆమె నెత్తురు బిడ్డ దుప్పటి మీద పడుతోంది. అతను నోరు మూశాడు. బిడ్డను ఆమె చేతుల్లోకి తోసి, రెండు చేతులతో తన దవడలు నొక్కి పట్టుకున్నాడు.

ముందున్న గుర్రాలు ఆగితే వెనకవి వాటి మీద పడ్డాయి. మెడ ఉబ్బి నల్లబడింది. లోపలి నుంచి పళ్ళను గొడ్డళ్ళతో నరికారు. ఒక పన్ను విరిగి పెదవిని చీల్చుకుని బయటికి వచ్చింది. శంబెత్ తివాచీ మీద పడి కాళ్ళు కొట్టుకున్నాడే గానీ దవడ మీద పట్టు వదల్లేదు. వదలకుండానే ప్రాణం పోయింది.

చుట్టాలు గోడకు అతుక్కుపోయారు. సైకాల్ బిడ్డను బురుల్ చేతికిచ్చి బయటికి పంపేసింది.

"నాన్నా!" అంటూ కుబాత్ తండ్రి ముఖం మీదికి వంగబోయాడు. సైకాల్ అడ్డంగా నిలబడింది.

"తప్పుకో. మా నాన్న!"

"తెలుసు. వాళ్ళింకా బతికే ఉన్నారు."

అతని చేయి లేచింది. ఆమె ముఖం తిప్పుకోలేదు. శవం గొంతులో గుర్రాలు ఇంకా దారి వెతుక్కుంటున్నాయి. కుబాత్ చాలాసేపు ఆ చప్పుడు విన్నాడు. చేయి మెల్లగా కిందికి దిగింది.

"మరి... నాన్నను ముట్టుకోవాలంటే మూతికేం కట్టుకోవాలి?" అన్నాడు.

సైకాల్ తన తలగుడ్డ విప్పి, నెత్తురు అంటని వైపు చించి అతని మూతికి కట్టింది.