ఎనిమిదో గిన్నె

ఆకాశంలో అరచెయ్యంత మబ్బు కనబడితే చాలు, ఆమె కాలు కుట్టుమిషను మీద నిలవదు. పదకొండేళ్లుగా ఇదే వరస. సగం కుట్టిన జేబు సూది కిందే వదిలేసి, "అరగంటలో వచ్చేస్తానండీ" అంటూ ఇంటికి పరుగు. బట్టలు బాగుచేసే ఆ కొట్టు యజమాని కళ్లజోడు పైనుంచి చూసి, "వాన ఊరంతటికీ, తడిసేది మాత్రం మీ ఇల్లొక్కటేనా అమ్మా?" అనేవాడు. పక్క మిషన్లవాళ్లు నవ్వేవారు. నవ్వకపోతే ఏడుపొస్తుందని ఆమె కూడా నవ్వేది.

ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో ఆమెకి కళ్లు మూసుకున్నా తెలుసు. అత్తగారి మంచం కాళ్ల దగ్గర పెద్ద సత్తుగిన్నె, బీరువా పక్కన బకెట్టు, గుమ్మం దగ్గర పిండి కలిపే పళ్లెం, అలా మొత్తం ఏడు. పడమటి గాలైతే ఏడూ కావాలి, తూర్పుగాలికి ఐదు చాలు. వాన మొదలైన పావుగంటకి బీరువా పక్క, అరగంటకి మంచం దగ్గర. ఈ చదువు ఆమెకి ఎవరూ చెప్పలేదు, పాసయ్యావని ఎవరూ మెచ్చుకోనూ లేదు. భర్త ఆఫీసు నుంచి వచ్చేసరికి నిండిన గిన్నెలు పారబోసి, నేల తుడిచి, అన్నీ కడిగి బోర్లించేసి ఉండేది. అతను నాలుగు వైపులా చూసి, "ఏదీ, పొడిగానే ఉందిగా! నువ్వు గోరంతని కొండంత చేస్తావు" అనేవాడు. ఎంత శుభ్రంగా తుడిస్తే ఆమె అంత అబద్ధాలకోరు అయ్యేది.

అత్తగారిది ఇంకో పాట. "మా రోజుల్లో ఇల్లు కురిస్తే గిన్నె పెట్టుకునేవాళ్లం గానీ మేస్త్రిని పెట్టుకునేవాళ్లం కాదు."

అయినా ఆమె పోరు పడలేక ప్రతి ఎండాకాలం భర్త తనకి తెలిసిన పెంకుల మేస్త్రిని తీసుకొచ్చేవాడు. ఎండలో ఏ ఇల్లు కురుస్తుంది? మేస్త్రి వాకిట్లో నిలబడి, కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూసి, "పది పెంకులు మారిస్తే సరి సార్" అనేవాడు. ఒకసారి ఆమె ఉండబట్టలేక, "మరక ఉన్నచోట కాదండీ, నీళ్లు పైనెక్కడో దిగి, వాసం వెంట జారి ఇక్కడ పడుతున్నాయి" అంది. మేస్త్రి భర్త వైపు తిరిగి, "మేడమ్ గారికి మన పని కూడా వచ్చు సార్!" అన్నాడు. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆమె ఖాళీ టీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఈ ఏడు మొదటి వానకి ఎనిమిదో చోట కురిసింది. ఇంట్లో ఇక మిగిలిన గిన్నె పొయ్యి మీద ఉంది, అందులో కూర ఉడుకుతోంది. ఆమె దాని వంక చాలాసేపు చూసింది.

మర్నాడు కొట్లోంచి దబ్బనం తెచ్చుకుంది. తోలూ గోనెపట్టా కుట్టే లావాటి సూది అది. నిచ్చెన వేసుకుని అటకెక్కి, దూలానికి గుచ్చి చూసింది. దిగలేదు, దూలం గట్టిగానే ఉంది. వాసాలకి గుచ్చితే మాత్రం ఒకదాని తర్వాత ఒకదానిలో, చప్పుడైనా లేకుండా సగం దాకా దిగిపోయింది. గుడ్డతో బతికేవాళ్లకి ఇక ఒకరు చెప్పాలా? చిరిగిన చోట అతుకు నిలుస్తుంది, చివికిన చోట నిలవదు. అక్కడ సూది గుచ్చిన కొద్దీ చిరుగు పెద్దదే అవుతుంది. ఇన్నేళ్లూ వాళ్లు చివికిన కప్పుకి అతుకులు వేయిస్తూ, పాడైంది కప్పు కాదు, తన బుర్రేనన్నట్టు మాట్లాడితే నమ్మింది! ఆమెకి భలే కోపం వచ్చింది, ముందు భర్త మీద, తర్వాత నమ్మిన తన మీద. నిచ్చెన దిగేసరికి కోపం తగ్గి, చెయ్యాల్సిన పని మిగిలింది.

"కప్పు మొత్తం మార్పించాలి, వాసాలతో సహా" అంది.

భర్త పేపరు దించలేదు. "మేస్త్రులతో మాట్లాడ్డం నీ వల్ల కాదు. ఆడమనిషని చూస్తే టోపీ పెడతారు."

"మీకు ఏటా పెడుతూనే ఉన్నారుగా" అంది. ఈసారి పేపరు దిగింది.

కొట్టుకి ఒకాయన ప్యాంట్లు తెస్తుంటాడు. నడుం దగ్గర కొత్తగా ఉన్నా మోకాళ్ల దగ్గర అరిగి జల్లెళ్లయి ఉంటాయి. ఆయనా పెంకుల మేస్త్రే. కప్పు మీద మోకాళ్లూనేవాడికే అక్కడ అరుగుతుంది. భర్త తెచ్చే మేస్త్రి ప్యాంటుకి ఇస్త్రీ మడతైనా చెదరదు. అయినా ఆమె తొందరపడలేదు. "మీరు కప్పిన ఇల్లు, రెండు వానాకాలాలు దాటింది ఒకటి చెప్పండి" అంది. అతను రెండు వీధుల అవతల ఇంటి గుర్తులు చెప్పాడు. సాయంత్రం ఒక్కతే వెళ్లి తలుపు తట్టింది.

"వానొస్తే ఎన్ని గిన్నెలు పెడతారండీ?"

ఆ ఇంటావిడకి అర్థం కాలేదు. "గిన్నెలెందుకు?" అంది.

పరాయివాళ్ల గుమ్మంలో ఆమెకి కళ్లు చెమర్చాయి. గిన్నెలెందుకని అడగగలిగే ఆడవాళ్లు ఇంత దగ్గర్లోనే ఉన్నారు.

ఆదివారం ఆ మేస్త్రి వచ్చాడు. ఎవరూ చెప్పకముందే అటకెక్కి, ఒళ్లంతా దుమ్ముతో దిగి, అలవాటుగా భర్తనే అడిగాడు. "ఎక్కడెక్కడ కురుస్తుంది సార్?" భర్త పైకి చూశాడు, గోడలు చూశాడు, చివరికి ఏనాడూ చుక్క పడని మూలకి చెయ్యి చూపించాడు.

"వాణ్ణి అడుగుతావేం నాయనా!" మంచం మీంచి అత్తగారు అందుకుంది. "పుట్టి బుద్ధెరిగాక ఒక్క గిన్నె ఎత్తి పారబోసినవాడు కాదు. కోడల్ని అడుగు." కాస్త ఆగి, గొంతు తగ్గించి, "ఆ సత్తుగిన్నె నాదే. దీనికిచ్చేదాకా ఇరవయ్యేళ్లు నేనూ అక్కడే పెట్టాను" అంది.

ఆమె ఎనిమిది చోట్లా చూపించింది. ఏ గాలికి ఎక్కడ, ఎంతసేపటికి, అన్నీ చెప్పింది. మేస్త్రి నవ్వలేదు. చెవి వెనక పెన్సిలు తీసి రాసుకున్నాడు. "వానలు తెరిపిచ్చాయి, ఇదే అదను. సార్ సరేనంటే ఎప్పుడు మొదలెట్టమంటారు?"

భర్త నోరు తెరిచాడు. "రేపే రండి" అంది ఆమె. తెరిచిన నోరు ఊరికే మూయలేక, "ఆఁ, రేపే" అన్నాడు భర్త.

పని పూర్తయిన నెలకి పెద్ద వాన పట్టింది. కొట్లో పట్టపగలే దీపాలు వేశారు. "ఇంకా కూర్చున్నావేమ్మా, వెళ్లు వెళ్లు" అన్నాడు యజమాని. ఆమె లేచింది కూడా. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కొచ్చి కూర్చుంది. అంతలో ఫోను మోగింది. ఆ రోజు ఇంట్లోనే ఉన్న భర్త.

"ఇక్కడ జోరున పడుతోంది! ఏ గిన్నె ఎక్కడ పెట్టాలో చెప్పు, నేను పెడతా."

ఆమె వానని చూసింది. ఎంత బాగుంది వాన! ఇన్నేళ్లలో ఒక్కసారీ నిలబడి చూడనేలేదు.

"గిన్నెలెందుకండీ?" అంది.