మెట్లకు రెయిలింగు అడిగినందుకు

టైలరక్క కుట్టుమిషన్‌ను నడివీధిలో పెట్టించాడు ఇంటి యజమాని. మూడో అంతస్తు నుంచి మోసుకొచ్చింది ఆయన కాదు లెండి, ఆయన చేతికి మట్టి అంటదు. మోసినవాడు కింది వాటాలో అద్దెకుండే తాపీమేస్త్రి. "నువ్వు మా ఇంటి మనిషివిరా, ఓ చెయ్యి వెయ్యి" అన్నాడు యజమాని. మేస్త్రి వేశాడు.

టైలరక్క చేసిన నేరమల్లా మెట్లకు రెయిలింగు అడగడమే. అది ఊడిపోయి రెండేళ్లయింది. మొన్న రెండో అంతస్తులో ఉండే నర్సమ్మ అత్తగారు అక్కడి నుంచే పడి తుంటి విరగ్గొట్టుకుంది. అందరం కలిసి వెళ్లి అడుగుదామని టైలరక్క గడపగడపకూ తిరిగింది.

"ఏ కష్టమున్నా ఒక్కొక్కరే వచ్చి చెప్పుకోండి. గుంపు కట్టారో, ఊరుకోను!" వీధిలోనే కుర్చీ వేసుకుని అరిచాడు యజమాని. "అన్నీ గొంతెమ్మ కోరికలు! ఇవాళ రెయిలింగు, రేపు లిఫ్టు!"

అయ్యో పాపం! పదహారు వాటాల అద్దె కూర్చున్నచోటే తినడమంటే మాటలా మరి! అరుగుదలకే ఎంత శ్రమ!

టైలరక్క ఏడవలేదు. గుమిగూడిన జనం ముందే మేస్త్రిని నిలదీసింది.

"అన్నా, నేను అందరినీ కూడగడుతున్నానని ఆయన చెవిలో ఎవరు ఊదారు?"

మేస్త్రికి తల కొట్టేసినట్టయింది. ఊదింది తనే. అబద్ధం నోటిదాకా వచ్చింది. కానీ మిషన్ మోసిన భుజం ఇంకా నొప్పిగానే ఉంది.

"నేనేనమ్మా. మోటారు గది తాళంచెవి ఇచ్చాడు. నీళ్లు కావాల్సినప్పుడు పట్టుకో, ఎవరికీ చెప్పకన్నాడు. నేనొక్కణ్ణే ఆయన మనిషిననుకున్నా."

పక్కవాటా ఆటోడ్రైవరు జేబు తడుముకున్నాడు. అచ్చం అలాంటి తాళంచెవే తీశాడు. "నాకూ చెప్పొద్దనే ఇచ్చాడు. నీమీద ఓ కన్నేసి ఉంచమన్నాడు కూడా, మేస్త్రీ."

నర్సమ్మ తలవంచుకుని కొంగుముడి విప్పింది. ఇంకా ఇద్దరు తీశారు. మొత్తం ఐదు.

"ఐదుగురు ఇంటి మనుషులం! ఒకరిమీద ఒకరం చాడీలు! మన సిగ్గు తగలెయ్యా!" అంది నర్సమ్మ.

మేస్త్రి మిషన్‌ను మళ్లీ భుజానికెత్తుకున్నాడు. దాన్ని పైన దాని గదిలో పెట్టి, సంచీలోంచి తాపీ తీశాడు. ప్రహరీ ఎత్తు పెంచుకోవడానికి యజమాని తెప్పించిన ఇటుకలూ సిమెంటూ కిందనే ఉన్నాయి. జనం మెట్ల పొడవునా వరసగా నిలబడి ఇటుకలు చేతులు మార్చారు. రెయిలింగు లేనిచోట పిట్టగోడ లేవడం మొదలైంది.

"ఒరేయ్, అవి నా ఇటుకలు! ఒక్కొక్కరే రండి, మాట్లాడుకుందాం!" యజమాని గొంతు చించుకున్నాడు.

"మేమిక్కడే ఉన్నాం, నువ్వే పైకి రా! చూసి నడువు, పడతావ్!" అన్నాడు ఆటోడ్రైవరు.

ఆయన రాలేదు. పోలీసులొచ్చారు. అత్తగారు పడ్డనాడు ఇటు తొంగిచూడనివాళ్లు, ఇటుకల కోసం మాత్రం పరుగున వచ్చారు. తాపీ ఎవరి చేతిలో ఉంటే వాడే దొంగ అని తేల్చి, మేస్త్రిని రెక్క పట్టుకుని జీపెక్కించారు. గోడ ఇంకా మోకాలెత్తే ఉంది. తాపీ మాత్రం అప్పటికే టైలరక్క చేతికి మారింది.

జీపు కదులుతుంటే మేస్త్రి తల బయటికి పెట్టాడు.

"ఇటుకలు తడపండర్రా! తడపకుండా పేరిస్తే గోడ నిలవదు!"

పదహారు వాటాల్లోంచీ బకెట్లు బయటికొచ్చాయి.