ఎల్లొస్తాను అనకూడదు

జేమ్స్ కొత్తవలస స్టేషన్లో పాయింట్స్‌మన్. రాత్రంతా కిరండోల్ వైపు నుంచి వచ్చే ఖనిజం బళ్ళకి పచ్చలైటు ఊపి ఊపి, పొద్దున్న ఎనిమిదింటికి క్వార్టర్‌కి చేరాడు. ఒళ్ళు పచ్చిపుండులా ఉంది. స్నానం చేసి ముసుగు తన్నాల్సిన మనిషి చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకుని మంచం మీద కూర్చున్నాడంటే, అది బుధవారం కాబట్టి. సోమ, బుధ, శుక్రవారాల్లో తొమ్మిదిన్నరకి శ్రీకాకుళంలో వాళ్ళ బావ సంజయ్‌కి డయాలసిస్. మెషీన్ పక్కన నాలుగు గంటలు కదలకుండా పడుకోవాలి. ఆ నాలుగు గంటలూ పైకప్పు చూస్తూ మనిషి లేనిపోనివి ఆలోచిస్తాడని, రెండేళ్ళ కిందట జేమ్సే ఆయన ఫోన్లో ఈ ఆట ఎక్కించాడు. ఎవరిచోట వాళ్ళుండి, మాట్లాడుకుంటూ జతగా ఆడొచ్చు.

ఆటలో ఒక పాడుబడ్డ సిమెంటు ఫ్యాక్టరీ ఉంటుంది. అందులో దిగాలి, దొరికింది సంచిలో వేసుకోవాలి, తుపాకులు పట్టుకు తిరిగే మిగతావాళ్ళకి చిక్కకుండా అరగంటలో బయటపడాలి. చస్తే సంచీ పోతుంది, తుపాకీ పోతుంది, ఒంటిమీదున్న సమస్తం చంపినవాడి పాలు. ఎంతమందిని చంపావని ఎవడూ అడగడు. బయటికి వచ్చావా, లేదా, అదొక్కటే.

సంజయ్ పదిహేనేళ్ళు హైస్కూల్లో డ్రిల్లు మాస్టారుగా ఈలలూదిన మనిషి. ఊరుకుంటాడా, ఆటకి కూడా పాఠాలు తయారుచేశాడు. "దిగ్గానే తుపాకీ కాదురా, బయటికెల్లే దారి సూడు. సగం సంచి నిండితే సాలు, ఎల్లిపోదాం. పడిపోనోడి సంచి మీదకి ఉరికీకు. ఆడి పక్కనే ఇంకొకడు కాసుకుని ఉంటాడు." సూదులున్న ఎడమ చెయ్యి కదపకూడదు కనక ఆయనది ఒంటి బొటనవేలి ఆట. నడిస్తే కాల్చలేడు, కాలిస్తే నడవలేడు. అందుకే ఆయనకి వినడం అబ్బింది. గోడ వెనక నక్కి, వచ్చేవాడు రేకు మీద నడుస్తున్నాడో కంకర మీద నడుస్తున్నాడో, ఒకడో ఇద్దరో చెప్పేసేవాడు. కాల్చే పని జేమ్స్‌ది.

మొదట్లోనే ఒక ముచ్చట జరిగింది. బయటపడే దారి ఒక సరుకుల లిఫ్టు. బటన్ నొక్కితే ఇరవై సెకన్లలో తలుపు పడిపోతుంది. బావ ముందుగా చేరి, బటన్ నొక్కి, "ఎల్లొస్తాన్రా" అన్నాడు. ఇంట్లోంచి కదిలేటప్పుడు "ఎల్తన్నాను" అంటే ఆడవాళ్ళు నోరు మూసే ఊళ్ళు మనవి. ఆయన ఆ అలవాటు కొద్దీ అన్నాడు. జేమ్స్ మాత్రం వెళ్ళి వస్తాడు కాబోలనుకుని, పెద్ద మొనగాడిలా బయట కాపలా కాశాడు. తలుపు పడింది. బావ బయటపడ్డాడు, జేమ్స్ సంచీతో సహా పోయాడు. బావ నవ్విన నవ్వుకి చెయ్యి కదిలి మెషీన్ కూడా కుయ్యోమందట, నర్సు ఇద్దరినీ కలిపి తిట్టింది. అప్పుడే జేమ్స్ రూలు పెట్టాడు. ఆటలో ఎల్లొస్తాను అనకూడదు. ఎల్తే ఎల్తన్నాను, అంతే.

ఈవేళ బావ చురుగ్గా ఉన్నాడు. మెట్ల దగ్గర "కుడేపు రేకు మీద ఒకడు" అన్నాడు. జేమ్స్ తుపాకీ తిప్పేలోపే రెండు గుళ్ళు పేలాయి, రేకు మీదవాడు పడ్డాడు. బావ కాలుస్తూనే పరిగెత్తి స్తంభం వెనక్కి పోయాడు.

కాలుస్తూ పరిగెత్తాడు. జేమ్స్ వేలు ఆగిపోయింది. అది ఒంటి చేత్తో అయ్యే పని కాదు.

"బావా, ఎక్కడున్నావు?"

"స్తంభం ఎనకాల."

"ఆటలో కాదు."

అవతల ఊపిరి మాత్రం వినపడింది. మెట్లెక్కి వచ్చినవాడి ఊపిరిలా ఉంది. ఇందాకటినుంచీ అది వినపడుతూనే ఉంది, తన చెవులకే పట్టలేదు.

"ఇంటికాడే ఉన్నాను. నూకయ్య ఆటో ఎనక్కి పంపీసేను. సోమారం నువ్వు డ్యూటీలో ఉన్నావు గదా, ఆరోజు కూడా ఎల్లలేదు. మీ అక్క బడికెల్లిపోనాకే పంపీసేను, దానికి సెప్పకు."

వరసగా రెండుసార్లు మానేస్తే గుండె ఏ క్షణాన ఆగుతుందో చెప్పలేమని డాక్టరు జేమ్స్ ఎదుటే అన్నాడు. "నీకేటి పిచ్చెక్కిందేటి బావా!" అని అరిచాడు.

"అరవకు. అలిసిపోనాన్రా. మూడేళ్ళు. నాలుగ్గంటలు పడుకోడం, ఇంటికొచ్చి కూలబడ్డం, తేరుకునేసరికి మళ్ళీ ఆటో. గుక్కలు కొలుసుకుని తాగడమే గాని, గ్లాసుడు నీళ్ళు తిన్నగా తాగి ఎన్నాళ్ళయిందో నీకు తెల్సా? నిన్న రెండు సెంబులు తాగీసేను. ఎంత బావున్నాదో."

ఆ నీళ్ళ మాట విన్నాక జేమ్స్‌కి కోపం నిలవలేదు. చర్చిలో పాస్టరుగారైతే ఏదో ఒక వాక్యం అందుకునేవారు. తనకి భయం తప్ప ఏమీ తోచలేదు. ఏం చెయ్యాలో తెలియక ఆట ఆడుతూనే ఉన్నాడు.

లిఫ్టు చేరారు. బావ లోపలికి వెళ్ళి బటన్ నొక్కాడు.

"రా. ఎల్తన్నాను."

రెండేళ్ళుగా వింటున్న మాటే. ఈసారి మాత్రం జేమ్స్ బయట కంకర మీదే ఆగిపోయాడు.

"ఎల్లొస్తాను అను బావా."

"రూలు పెట్టింది నువ్వే గదేటి."

"నేనే తీసీసేను. అను."

"అబద్ధం ఆడమంటావేటిరా? రా ముందు. నీ ఎనకాల కంకర మీద ఇద్దరొస్తన్నారు."

"రానీ. నాకూ ఓపిక లేదు. నేనిక్కడే ఉంటాను."

"తలుపు పడిపోతాది, జేమ్సూ!"

"పడనీ."

బావ నోటికొచ్చిన బూతు తిట్టాడు. తలుపు సగం దిగింది. దాని కిందనుంచి వంగి బయటికి ఉరికాడు. వెనక లిఫ్టు మూసుకుపోయింది. వచ్చినవాళ్ళలో ఒకణ్ణి పడగొట్టాడు. రెండోవాడు ఇద్దరినీ లేపేశాడు. నెలరోజులు ఏరి కూర్చిన సంచులు రెండూ గంగలో కలిశాయి. తెర బూడిదరంగుకి తిరిగింది.

"ఇప్పుడు సాలా నీకు? ఎల్లి ఒచ్చీసేను. ఏటి మిగిలింది?" బావ ఆయాసపడుతున్నాడు.

"ఎందుకొచ్చేవు మరి?"

"నిన్నొగ్గీసి ఎలాగెల్తాన్రా, ఎదవా!"

"మరి అక్కని?"

జేమ్స్ ఫోన్ రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు. మరో మాట అంటే ఎక్కడ చెడిపోతుందోనని అనలేదు.

"నూకయ్యకి ఫోన్ కొట్టు. నాను మాటాడలేను" అన్నాడు బావ.

నూకయ్య అరసవల్లి గుడి దగ్గర ఎవరినో దింపుతున్నాడు. ఐదు నిమిషాల్లో ఉంటానన్నాడు. జేమ్స్ అక్క రూబీకి కూడా ఫోన్ చేశాడు. సంగతి చెబుతుండగానే ఆమె బడిలోంచి బయటికి నడిచిన చెప్పుల చప్పుడు వినపడింది. ఆ తర్వాత ఇద్దరూ ఫోన్ ఎత్తలేదు. పడుకున్నాడు, నిద్ర రాలేదు. లేచి స్నానం చేశాడు, అన్నం వండాడు, తినలేదు.

పన్నెండు దాటాక ఫోన్ టింగుమంది. ఆటలోకి పిలుపు. సంజయ్.

జేమ్స్ ఫ్యాక్టరీలో దిగాడు. బావ మాట్లాడటం లేదు. వెనక ఎక్కడో మెషీన్ తిరుగుతున్న మోత, ఎవరినో కేకేస్తున్న నర్సు గొంతు. దూరంగా రేకు మీద ఎవడో కనిపించాడు.

బావ నాలుగడుగులు నడిచాడు. ఆగాడు. ఆగి, కాల్చాడు.

గురి తప్పింది. జేమ్స్ తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు.

"ఏడుపు తరవాత. ఆడు నీకేసే వస్తన్నాడు, సూడు" అన్నాడు బావ.