అత్తగారి ఎడమ కిటికీ

అద్దాలాయన కారును షెడ్డులోకి తెచ్చి ఆపేసరికి మేస్త్రీ ఇంకో బండి కింద పడుకుని ఉన్నాడు. ఇంజను దగ్గు విని, తల బయటికి పెట్టకుండానే, "అత్తగారు వచ్చారా సార్! ఎన్నాళ్ళకు!" అన్నాడు. కారుకు ఆ పేరు పెట్టిన మనిషి పోయి నాలుగు నెలలైంది.

అద్దాలాయన అంటే కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీసే ఆయన. ముందు గదిలో కూర్చుని వచ్చినవాళ్ళతో మాట్లాడే పని కాదు. వెనక గదిలో, తిరిగే సానరాయి ముందు కూర్చుని, గుండ్రటి అద్దాన్ని ఫ్రేము కొలతకు అరగదీసి, అంచు వాలుగా తీసి, నున్నగా మెరుగుపెట్టి బిగించే పని. ఇరవై ఆరేళ్ళుగా అదే. వెంట్రుకవాసి తేడా వచ్చినా పారేసి మళ్ళీ చేస్తాడు. చేతికి ఎంత పనో నోటికి అంత సెలవు. "మీతో మాట్లాడటం కంటే గోడతో మాట్లాడటం నయం. గోడ కనీసం అప్పుడప్పుడు పెచ్చులైనా రాలుస్తుంది" అనేది భార్య.

ఆవిడ గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు బైండింగు చేసేది. ఆవిడ వేళ్ళకు ఎప్పుడూ జిగురు వాసన, ఆయన వేళ్ళకు ఎప్పుడూ సిగరెట్టు వాసన. ఇంట్లో ఉన్నది ఆ ఇద్దరే.

కారు కొందామన్నది ఆయనే. అప్పటికే ఇద్దరి చేతులు మారి, ఎండకు వెలిసి, అసలు రంగేమిటో నలుగురిని అడిగి తేల్చుకోవాల్సిన చిన్న కారు. ఆవిడ దాని చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, "కారు కావాలా, సిగరెట్లు కావాలా? రెండూ ఈ కొంపలో ఇమడవు" అంది. ఆయన వెంటనే ఆవిడ నెత్తిన చెయ్యిపెట్టి, "మానేశాను. నీ మీద ఒట్టు" అన్నాడు. ఆ పూటకు ఆ మాట నిజమే.

"నా మీదెందుకండీ, మీ సానరాయి మీద వేసుకోండి. దానిమీదే కదా మీకు ప్రేమ" అని నవ్వి ఒప్పుకుంది.

మర్నాడు స్టార్టు చేస్తే కారు దగ్గింది, సణిగింది, మూడుసార్లు బతిమాలించుకుని కదిలింది. "అచ్చం మా అత్తగారే" అంది ఆవిడ. అప్పటినుంచి అది అత్తగారు. చలికి మొరాయిస్తే అత్తగారికి కీళ్ళనొప్పులు. పొగ కక్కితే అత్తగారికి కోపం. తలుపు రెండుసార్లు వేస్తేగానీ పడకపోతే, అత్తగారికి ఏదైనా రెండుసార్లు చెప్పాలి.

మానడం పదకొండు రోజులు సాగింది. పన్నెండో రోజు సాయంత్రం, దుకాణం నుంచి వస్తూ దారిలో కారాపి ఒకటి వెలిగించాడు. తీరా గ్రంథాలయం గేటు దగ్గర ఆవిడ ఎక్కబోయే సమయానికి అసలు సంగతి గుర్తొచ్చింది. ఆవిడకు చలి ఎక్కువ. ఎక్కగానే తన వైపు కిటికీ అద్దం ఎత్తేస్తుంది. ఎత్తితే వాసన లోపలే ఉండిపోతుంది. ఆ రోజు ఎలాగో జలుబని చెప్పి తప్పించుకున్నాడు.

బుద్ధిమంతుడైతే మర్నాడు సిగరెట్టు మానేవాడు. మనవాడు కిటికీ సంగతి చూశాడు. దుకాణంలో పగిలిన కళ్ళజోడు అద్దం ముక్క ఒకటి తీసుకుని, ఒక కొస మందంగా, ఒక కొస పలచగా వచ్చేలా చీలలాగా అరగదీశాడు. కిటికీ అద్దం పూర్తిగా దించి, అది తలుపులోకి దిగే సందులో ఆ ముక్కను పెట్టి, స్క్రూడ్రైవరుతో పైకి కనబడనంత లోపలికి తోశాడు. ఇక హ్యాండిల్ ఎంత తిప్పినా అద్దం పైకి రాదు. "ఈ మోడలుకు ఆ పార్టు దొరకడం లేదట" అని ఆవిడకు చెప్పాడు. పాత కారుతో అదొక సుఖం, ఏది పాడైందన్నా ఎవరూ అనుమానించరు.

వానాకాలం వచ్చింది. ఆవిడ కారులో కూర్చుని, కిటికీ వైపు గొడుగు విప్పి పట్టుకునేది. సిగ్నలు దగ్గర పక్క బండ్లవాళ్ళు చూసి నవ్వితే, ఆవిడ కూడా వాళ్ళకేసి చెయ్యూపి నవ్వేది. ఆయన మాత్రం తిన్నగా రోడ్డుకేసే చూసేవాడు.

అయితే ఒకటి ఒప్పుకోవాలి. ఆ సాయంత్రాలంత బాగా వాళ్ళ కాపురంలో ఇంకేవీ గడవలేదు. వాసన పూర్తిగా పోవాలని ఆయన తిన్నగా ఇంటికి రాకుండా వంతెన మీదుగా, ఏటి గట్టు వెంబడి చుట్టు తిరిగి తెచ్చేవాడు. నోటి వాసన తెలియకూడదని పిప్పరమెంటు బిళ్ళలు కొని, ఆవిడకూ రెండు పెట్టేవాడు. ఆవిడ ధ్యాస మళ్ళించాలని దారిపొడుగునా మాట్లాడేవాడు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని తన మొగుణ్ణే పోల్చుకోలేకపోయిన ముసలావిడ కథ, జోడు నెత్తిన పెట్టుకుని దుకాణమంతా వెతికించిన లాయరు కథ. ఆవిడ బిళ్ళ చప్పరిస్తూ, చెయ్యి కిటికీ బయట పెట్టి గాలికి వేళ్ళు ఆడిస్తూ వినేది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతూ ఎవరూ చూడటం లేదనుకుంటుందట. ఆయనా అలాగే నిశ్చింతగా ఉన్నాడు.

చెవి మాత్రం చెడింది. చలిగాలి సూటిగా తగిలి ఆవిడకు ఎడమ చెవి పోటు పట్టుకుంది. పడుకోబోయే ముందు ఆయనే ఆవిడ తల ఒళ్ళో పెట్టుకుని చెవిలో మందు చుక్కలు వేసేవాడు. "ఈ మధ్య మీకు నామీద ఎక్కడలేని ప్రేమా పుట్టుకొచ్చింది" అనేది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆయన గబుక్కున మందుసీసాకు మూత బిగించేవాడు. రేపు ఆ ముక్క తీసేద్దాం అనుకునేవాడు. ఆ రేపు రాలేదు.

ఆవిడను తీసుకుపోయింది చెవిపోటు కాదు, గుండె. ఆసుపత్రిలో పందొమ్మిది రోజులుంది. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, ఆయన వేళ్ళు తన చేతిలోకి తీసుకుని, "మాట నిలబెట్టుకున్నారండీ. సిగరెట్లు మానేస్తారని నేననుకోలేదు. నాకది చాలు" అంది. ఆయన అంతకు గంట ముందే వెనక మెట్ల దగ్గర ఒకటి కాల్చి వచ్చాడు.

ఆవిడ పోయిన రోజునుంచి ఆయన మళ్ళీ ముట్టుకోలేదు. ఈసారి పట్టుదల అక్కర్లేకపోయింది, చెయ్యే వెళ్ళలేదు. అబద్ధపు ఒట్టు ఎవరి మీద వేస్తే ఆ మనిషిని తినేస్తుందంటారు. నమ్మే మనిషి కాదు, అయినా తెల్లవారుజామున మెలకువ వస్తే ఆ మాటే గుర్తొచ్చేది. అప్పుడు ఆవిడ ఆఖరి మాటను గట్టిగా పట్టుకునేవాడు. తను ఎంత దొంగైనా, ఆవిడ మాత్రం నమ్మకంతోనే వెళ్ళింది. తన మొగుడు మంచివాడనుకునే వెళ్ళింది. ఆ ఒక్క మాట ఆసరాతో ఈ నాలుగు నెలలూ నెట్టుకొచ్చాడు.

ఇవాళ ఆ ముక్క తీయించేద్దామని వచ్చాడు. తెరిచి ఉన్న ఆ కిటికీని చూస్తూ ఆ బండి నడపడం ఆయన వల్ల కావడం లేదు. తనే తీద్దామని చూస్తే చిక్కలేదు, తలుపు విప్పాల్సిందే.

మేస్త్రీ చేతులు తుడుచుకుంటూ వచ్చి, "అమ్మగారి సంగతి ఆలస్యంగా తెలిసింది సార్. రాలేకపోయాను" అన్నాడు. అద్దాలాయన తలూపి, "ఈ ఎడమ కిటికీ అద్దం పైకి రావడం లేదు మేస్త్రీ. ఏమైందో కాస్త చూడు" అన్నాడు, ఏమీ ఎరగనట్టు.

మేస్త్రీ ఆయన మొహంలోకి ఒక క్షణం చూశాడు. "తీసేయమంటారా సార్?"

"ఏమిటి తీసేది?"

"అదే, ఆ ముక్క." అని నాలుక కరుచుకున్నాడు. తర్వాత ఇక దాచి లాభం లేదనుకున్నట్టు స్టూలు లాగి ఆయన్ను కూర్చోబెట్టాడు. "నిరుడు క్లచ్చు వైరు తెగి బండి ఇక్కడ పెట్టారు చూడండి, అప్పుడు అమ్మగారొచ్చారు. వానలొస్తున్నాయి, కిటికీ బాగుచెయ్యి, పార్టు దొరక్కపోతే నేనెక్కడినుంచైనా తెప్పిస్తాను, ఆయనకు చెప్పకు, ఎక్కగానే ఆశ్చర్యపోవాలి అన్నారు. తలుపు విప్పితే ఆ ముక్క రాలింది. ఎవడో ఏదో పడేసుకున్నాడు అమ్మా, పార్టులన్నీ బాగానే ఉన్నాయి అన్నాను. ఆవిడ చేతిలోకి తీసుకుని వేలితో అంచు రాసి చూశారు. పడేసుకున్నది కాదయ్యా, ఇది మా ఆయన చెయ్యి అన్నారు."

అద్దాలాయనకు ఆ అంచు గుర్తొచ్చింది. నిజమే. ఎవరి కంటా పడని ముక్క, చీకట్లో తలుపు పొట్టలో ఉండాల్సిన ముక్క. దానికి కూడా అంచు వాలు తీసి, నున్నగా మెరుగుపెట్టి మరీ దూర్చాడు. చేతికి అలవాటు. ఏ పుల్లముక్కో దోపి ఉంటే ఈ భూమ్మీద ఎవరికీ తెలిసేది కాదు.

"కోప్పడిందా?" అన్నాడు.

"లేదు సార్. చాలాసేపు ఈ స్టూలు మీదే కూర్చున్నారు. తర్వాత, ఓహో, సిగరెట్టు వాసన పోవడానికా అని నవ్వారు. రోజుకు పెట్టె కాల్చే మనిషి దొంగచాటుగా ఒకటీ అరాకు దిగాడంటే అదీ నయమే అన్నారు." మేస్త్రీ ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. "ఇంకో మాట కూడా అన్నారు. పెళ్ళైన ఇన్నేళ్ళలో మా ఆయన నాతో ఇంతసేపు మాట్లాడింది ఈ కారులోనే. ఇది తీసేస్తే అబద్ధం బయటపడుతుంది, బయటపడితే సిగ్గుతో నోరు మూసుకుంటాడు. తిన్నగా ఇంటికే పోతాం. ఎక్కడిది అక్కడే పెట్టెయ్యి అన్నారు."

"పెట్టేశావా?"

"వెంటనే కాదు. మర్నాడు పెట్టాను. రాత్రికి అమ్మగారు దాన్ని ఇంటికి తీసుకెళ్ళారు." అని మేస్త్రీ లేచి, తలుపు లోపలి అట్ట ఊడదీసి, చెయ్యి పెట్టి వెతికి, ముక్కను తీసి ఆయన అరచేతిలో పెట్టాడు.

ఆయన చేసిన ముక్కే. కానీ అద్దానికి ఆనే వైపు ఎర్రటి బైండు గుడ్డ అంటించి ఉంది. అంచులు లోపలికి మడిచి, మూలలు పుస్తకానికి తీసినట్టు తీసి, ఎక్కడా జిగురు బయటికి రాకుండా అంటించిన గుడ్డ.

"వట్టి ముక్కైతే కిటికీ అద్దం గీసుకుపోతుందని అమ్మగారే చేసుకొచ్చారు సార్."

అద్దాలాయన ఆ ఎర్ర గుడ్డను బొటనవేలితో తడిమాడు. ఏడాది. అన్నీ తెలిసి ఏడాది పాటు ఆవిడ గొడుగు పట్టుకుని కూర్చుంది. చెవిపోటుతో కూర్చుంది. తెలిసీ ఒళ్ళో తల పెట్టి మందు వేయించుకుంది. తెలిసీ, ఆసుపత్రి మంచం మీద, మాట నిలబెట్టుకున్నారండీ అంది. పోయేముందు ఈ మనిషి చేతిలో ఏదైనా పెట్టి పోవాలనుకుంది కాబోలు, ఆ అబద్ధం పెట్టింది. నాలుగు నెలలుగా ఆయన కాళ్ళ కింద ఉన్నది ఆ ఒక్క పలకే. ఇప్పుడు అదీ లేదు. ఆవిడ పోయిన రోజు రాని ఏడుపు, ఆ గ్రీజు మరకల షెడ్డులో, పరాయి మనిషి ముందు, ఆపుకోలేనంత వచ్చింది.

మేస్త్రీకి ఏం చెయ్యాలో తోచలేదు. జేబులోంచి సిగరెట్టు పెట్టె తీసి ముందుకు చాపాడు. "ఒకటి వెలిగించండి సార్. కాస్త తేలికపడుతుంది."

"వద్దు. మానేశాను."

"అలాగే సార్" అని మేస్త్రీ మెల్లగా పెట్టె లోపల పెట్టేసుకున్నాడు. నమ్మలేదని మొహం చూస్తేనే తెలుస్తోంది. నమ్మకపోవడంలో అతని తప్పేమీ లేదు.

అట్ట బిగించి హ్యాండిల్ తిప్పితే అద్దం కిర్రుమంటూ పైకొచ్చింది. రెండున్నరేళ్ళు తలుపులో దాగి ఉందేమో, తక్కిన అద్దాలన్నిటికంటే కొత్తగా ఉంది. అద్దాలాయన ముక్కను రుమాల్లో చుట్టి జేబులో పెట్టుకుని బయల్దేరాడు.

కిటికీ మూస్తే కారు ఇంత నిశ్శబ్దంగా ఉంటుందని ఆయనకు ఇన్నాళ్ళూ తెలియదు. పక్క సీటు ఎంత ఖాళీగా ఉందో కూడా వినిపిస్తున్నట్టుంది. ఇంటివైపు తిరగాల్సిన చోట తిరగలేదు. వంతెన మీదుగా ఏటి గట్టు దారి పట్టాడు. కాసేపటికి, "ఇవాళ దుకాణానికి ఒకాయన వచ్చాడు" అని మొదలుపెట్టాడు. "కళ్ళజోడు మీద కుక్క కూర్చుందట. కుక్కను కూడా వెంటబెట్టుకొచ్చాడు, సాక్ష్యానికి." దాచడానికి ఇప్పుడు ఏమీ లేదు. అయినా గట్టు చివరిదాకా చెబుతూనే ఉన్నాడు.

గట్టు చివర కారు ఆపాడు. అత్తగారు రెండుసార్లు దగ్గి ఊరుకుంది. ఆయన పక్క సీటుకేసి తిరిగాడు.

"ఇప్పుడు చెవికి గాలి తగలదులే" అన్నాడు. "నిజంగానే మానేశానే. ఈసారి నిజం. నీ మీద..."

చెయ్యి అలవాటుగా పక్కకు లేచింది. ఒట్టు వేయడానికి అక్కడ తల లేదు.